ఫ్రీజర్‌లో శాంపిళ్లు

“ఫ్లీజల్‌లో డబ్బాలన్నీ పాలేశానే!” అని భర్త గర్జించాడు. పళ్లన్నీ పీకించుకున్నప్పటి నుంచి అతని నోట ‘ర’ పలకడం లేదు.

రైలుకు బ్యాగు సర్దుకుంటున్న భార్య ఉలిక్కిపడింది. “ఓట్స్ సూప్‌లో పాలెందుకు వేశారు?”

“వెయ్యలేదు! చెత్తబండిలో పాలేశాను! సూపా అది? ఐసు కోసం తెలిస్తే అన్నిటికీ నీ ల్యాబు స్టిక్కల్లే! శాంపిళ్లు ఇంటికి మోసుకొచ్చావనుకున్నా!”

“ఇరవై డబ్బాలు! పూటకొకటి! ఆదివారమంతా ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, చల్లార్చి పెట్టాను! చేతులెలా వచ్చాయండీ?”

“ఎవడి కోసం చేశావు? నువ్వు పదిలోజులు ట్లైనింగంటూ పోతే నేనిక్కడ పస్తులేగా!”

అత్తగారు ఫ్రీజర్ అడుగున మంచుకు అతుక్కుపోయిన ఆఖరి డబ్బాను గరిటె కాడతో పెకలించి తెచ్చింది. “సూపు పారేశావు సరే, చూపుందిగా? చదవరా!”

“పులుషుడు. వయసు యాభై లెండు. ఖాళీ కడుపుతో.” అతని గొంతు తగ్గింది. “ఇది నా వయసే.”

“ఈ ఇంట్లో ఆ వయసు పురుషుడు ఇంకెవరున్నారు?” భార్య మండిపడింది. “ల్యాబులో రోజూ రాసే చెయ్యి, ఇక్కడా అదే రాసింది. ఖాళీ కడుపుతో అంటే పొద్దుటిది, మిగతావి రాత్రివి. నమల్లేని మనిషి నేనొచ్చేదాకా ఏం తింటాడని చేశాను! పెట్టండి లోపల, కరిగిపోతోంది!”

భర్త డబ్బాను రెండు చేతులా పట్టుకుని పొయ్యి వైపు నడిచాడు.

“కలగనీ. నువ్వు లైలెక్కేలోగా నాకిది చెయ్యడం నేల్పు.”