పద్మనాభయ్య పథ్యం

పద్మనాభయ్య అన్నంలో చేపల పులుసు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముద్ద గొంతు దిగలేదు.

"ఏందే ఇది? ఉప్పెయ్యడం మర్చిపోయినావా?"

"మర్చిపోలా. తగ్గించినాను," అంది భార్య వెంకటశేషమ్మ.

"నూనె ఏదీ? పైన నూనె తేలకపోతే అదేం పులుసు?"

"అదీ తగ్గించినాను. డాక్టరు చెప్పినాడు. ఉప్పు, నూనె, నెయ్యి గుండెకు మంచివి కావంట."

పద్మనాభయ్య కంచం అవతలికి నెట్టి ఇల్లెగిరిపోయేలా కేక వెయ్యబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కేకలు అసలు పనికిరావు. గుండె అదురుతుందంట."

అంతే, అతని నోరు మూతపడింది. కాలవ నీళ్ల తగాదాలో అతను అరిస్తే తోటపల్లి గూడూరులో సగం ఊరికి వినపడుతుంది. అంతటి మనిషి ఆ పూట చప్పిడి పులుసు తిని మాట్లాడకుండా చెయ్యి కడుక్కున్నాడు.

గుండె అంటుందేంది ఈమె? అతనికేమీ అంతుబట్టలేదు. మొన్నామధ్య ఇద్దరూ నెల్లూరు పోయి కృపాదానం డాక్టరును కలిసిన మాట నిజమే. కానీ అతను చూపించుకున్నది దగ్గుకు. డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి చూసి, సీసాలో మందు పోయించి పొమ్మన్నాడు. అతను బయటికొచ్చి చుట్ట ముట్టించాడు. "మందు ఎట్లా తాగాలో అడిగొస్తా," అని శేషమ్మ మళ్లీ లోపలికి పోయింది. చుట్ట అయిపోయినా రాలేదు. వచ్చినాక చూస్తే ముఖం పాలిపోయి ఉంది.

అంటే తన గురించి ఏదో చెప్పుంటాడు. మగవాడి ముఖం మీద చెప్పలేక పెళ్లాం చెవిన వేసుంటాడు.

తెల్లారేసరికి చుట్టల కట్ట మాయమైంది. "పొగ పడదు," అంది శేషమ్మ. సాయంత్రమైతే, "కాసేపు నడవాలంట, రండి," అని చేల గట్ల మీదికి బయలుదేరదీసింది. తనూ వెంట నడిచింది. కొంచెం దూరం పోగానే ఆగిపోయేది.

"మీకు ఆయాసంగా ఉన్నట్టుంది. నిలబడదాం."

"నాకేం ఆయాసం లేదే!"

"ఉంటుందిలే. నిలబడండి."

అతను నిలబడేవాడు. నిజంగా ఉందేమోనని తన ఊపిరిని తనే చెవి రిక్కించి వినేవాడు.

ఒకరోజు పాలేరు ఓబయ్య మడవ కట్టడం మర్చిపోయి నీళ్లన్నీ పక్క చేలోకి వదిలేశాడు. పద్మనాభయ్య పంచె ఎగగట్టి నోరు తెరిచాడో లేదో, ఓబయ్య రెండు చేతులూ జోడించాడు.

"వద్దయ్యా, అరవబాకండి! పాణానికే ముప్పంట. అమ్మ చెప్పింది."

పద్మనాభయ్య గట్టు మీద కూలబడ్డాడు. పాలేరుకు కూడా తెలిసిన సంగతి తనకు తెలియదు. రొమ్ము మీద చెయ్యి వేసుకుంటే గుండె ఒకసారి దడదడలాడింది, ఇంకోసారి ఎంత వెతికినా దొరకలేదు.

ఇంటికొచ్చి భార్యను నిలదీశాడు. "నిజం చెప్పు శేషమ్మా. నాకేమైంది?"

"మీకేం కాలేదు. చెప్పినట్టు చెయ్యండి, చాలు," అంటూనే ఆమె పైట చెంగుతో కళ్లొత్తుకుంది.

అతనికి మరీ అయోమయమైంది. ఏం కాకపోతే ఈ ఏడుపెందుకు?

ఇక ఉండలేక మర్నాడు చేలోకి పోతున్నానని చెప్పి, దారిలో నెల్లూరు బస్సెక్కాడు.

కృపాదానం డాక్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం పెట్టి ముందూ వెనకా చూశాడు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కూడా చూశాడు.

"లేవండి. మీ గుండె భేషుగ్గా ఉంది."

"దాచబాకండి డాక్టరుగారూ. ఎన్నాళ్లుంటానో చెప్పండి."

"ఇదేం మాటండీ! ఏమీ లేదంటుంటే."

"మరి నన్ను ఉప్పెందుకు మానమన్నారు? మా ఇంటామెకు చెప్పినారంట కదా?"

డాక్టరు గొట్టం బల్ల మీద పెట్టాడు. "చెప్పినాను. ఆమెకే చెప్పినాను, ఆమె గురించే చెప్పినాను. బిందె ఎత్తుకుంటే రొమ్ములో బరువు, ఎడమ చెయ్యి లాగుడు. రక్తపోటు కూడా బాగా ఎక్కువుంది. గుండెకు నెత్తురు పోయే నాళాలు ఇరుకైనాయి. జాగ్రత్త పడితే చాలాకాలం బతుకుతుంది, లేకపోతే ఏనాడైనా గుండెపోటు రావచ్చు. మీకు చెప్పలేదా?"

పద్మనాభయ్య గోడ పట్టుకున్నాడు.

"జబ్బు ఆమెకైతే... పథ్యం నాకెందుకు పెట్టింది?"

డాక్టరు కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇంట్లో ఇవన్నీ జరుగుతాయా అమ్మా అని నేనూ అడిగినాను. ‘జబ్బు నాకని చెప్తే మా ఇంట్లో ఏదీ మారదు డాక్టరుగారూ, ఆయనకని చెప్తాలెండి,’ అన్నది."