'మన' అనకూడని చోట

"బల్ల మీద 'మా అమ్మ' ఏంది బిందూ? ఊరోళ్ళందరూ కూర్చునే బల్ల. ఎవరి అమ్మ అని నవ్విపోతారు!" అన్నాడు భర్త శ్రీహరి.

"కింద నా పేరుంటదిగా."

"'కీర్తిశేషులు సుబ్బరత్నం గారి జ్ఞాపకార్థం' అని రాయించు. అందరూ అట్నే రాయిస్తారు."

"అందుకే ఒక్క బల్లా గుర్తుండదు. నాకు 'మా అమ్మ' అనే కావాలి."

బిందు తల్లి సుబ్బరత్నం పోయి ఏడాది కావస్తోంది. గురజాల బస్టాండులో ఆమె పేరిట వేయించబోయే రాతి బల్ల గురించి ఆ తగువు. ఏం చెక్కమంటారని రాయి చెక్కే కోటి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

మేడమెట్ల మీద నిలబడి వింటున్న మరైకా నోట్‌బుక్ తెరిచింది.

"అక్కా, 'మా' వేరు, 'మన' వేరా?"

ఆమె నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి. డచ్చి భాషనీ తెలుగునీ పోల్చి చూడాలని, వీళ్ళ మేడ మీద గది పది రోజులకి అద్దెకు తీసుకుంది. రంగూ రూపూ ఇక్కడివే. తాతల కాలంలో వెళ్ళినవాళ్ళేమో అనుకున్నారు ఇంట్లో. 'అక్కా అనొచ్చా?' అని రెండో రోజే అడిగింది. ఇక్కడ అందరూ అందర్నీ అనే మాటే కదా, అనమంది బిందు.

బిందు తెలుగు బి.ఏ. చదివింది. తప్పు వింటే ఊరుకోలేదు.

"ఎదుటి మనిషి కూడా కలిస్తే 'మన'. కలవకపోతే 'మా'. మన ఊరంటే మీదీ నాదీ. మా ఊరంటే మీది కాదు."

"మా భాషలో రెంటికీ ఒకటే మాట. 'ఓన్స్'."

"మరి ఎవరు లోపలివాళ్ళో, ఎవరు బయటివాళ్ళో ఎట్లా తెలుస్తుంది?"

మరైకా నవ్వింది. "తెలియదు."

సాయంత్రాలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మాటలు పోల్చుకునేవాళ్ళు.

"డచ్చిలో క్రియ మధ్యలో వస్తుంది. 'ఎందుకంటే' అని కారణం చెప్పేటప్పుడు మాత్రం మీలాగే చివరికి పోతుంది."

"అయితే సాకులు చెప్పేటప్పుడు మీరూ తెలుగోళ్ళే ఆంటీ!" అంది బిందు కూతురు లహరి.

"'రార్' అంటే మాకు వింత," అంది మరైకా ఇంకోరోజు. "బళ్ళో పిల్లలు నన్ను అట్లా అనేవాళ్ళు. నాకేమో వెనకనుంచి ఎవరో 'రా, రా' అని పిలిచినట్టుండేది. తిరిగి చూసేదాన్ని."

బిందు చేతిలో చిక్కుడుకాయ ఆగింది.

"మా అమ్మ కూడా అన్నం ముందు కూర్చుని, గుమ్మం వైపు చూసి 'రా' అనేది. అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు."

"ఎవరిని?"

"మా చెల్లెలు మహాలక్ష్మిని అనుకుంటా. నాన్న క్వారీలో చనిపోయిన ఏడు దానికి జ్వరమొస్తే, అమ్మ గుంటూరు తీసుకుపోయింది. ఒక్కతే తిరిగొచ్చింది. రెండేళ్ళ పిల్ల. చచ్చిపోయిందని చెప్పి, మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలా."

మరైకా ఆ రోజు ఏమీ రాసుకోలేదు. గోడ మీది సుబ్బరత్నం ఫోటో చూసి అడిగింది.

"మన అమ్మకి ఏ కూర ఇష్టం?"

"తప్పు. 'మీ అమ్మకి' అనాలి."

"మీ అమ్మకి."

"దోసకాయ పప్పు."

మర్నాడు మళ్ళీ 'మన అమ్మ' అనే అంది. బిందు మళ్ళీ దిద్దింది. ఏ మాటయినా ఒక్కసారి చెబితే పట్టేసే మనిషి, ఆ ఒక్క మాట దగ్గరే తప్పేది.

వెళ్ళేరోజు బ్యాగు భుజాన వేసుకుని ఫోటో ముందు నిలబడింది.

"మన అమ్మ ఫోటో నా ఫోనులో తీసుకోనా?"

"మీ అమ్మ! పది రోజుల్నుంచీ చెబుతున్నా," విసుక్కుంది బిందు. "అయినా పోయినవాళ్ళ ఫోటో బయటివాళ్ళకి ఇవ్వం. ఏమనుకోవద్దు."

మరైకా చున్నీ కొసతో ఫోటో అద్దం తుడిచి, కారెక్కింది.

ఐదు నెలలకు పార్సిల్ వచ్చింది. బల్ల తగువు అప్పటికీ తేలలేదు. రాయి కోటి షెడ్డులోనే పడి ఉంది.

పైన మరైకా కూతురు ఇంగ్లీషులో రాసిన చీటీ. అమ్మ పోయిన నెల చనిపోయింది. మీ ఊరు వచ్చేటప్పటికే తన జబ్బు సంగతి తనకు తెలుసు. ఈ పుస్తకం మీకు పంపమంది.

నోట్‌బుక్ నిండా జంట మాటలు. ఎడమవైపు డచ్చి, కుడివైపు తెలుగు. ఆఖరి పేజీలో మాత్రం ఒక్కటే వాక్యం, వంకర అక్షరాల్లో.

'నేను చెప్పలేదు, ఎందుకంటే మన అమ్మ మాట అబద్ధం కాకూడదు.'

'మన' దగ్గర బిందు చెయ్యి అలవాటుగా పెన్ను కోసం వెతికింది.

అప్పుడు అట్ట లోపలినుంచి, గుంటూరు అనాథాశ్రమం ముద్ర ఉన్న ఒక పాత కాగితం జారిపడింది. కింద నీలం సిరా వేలిముద్ర. బిందు దాన్ని మూడుసార్లు చదివింది.

మధ్యాహ్నం అన్నాలకి మూడు కంచాలు పెట్టి, నాలుగోది కూడా పెట్టింది. గుమ్మం వైపు చూసింది.

"ఎవరన్నా వస్తన్నారా?" అన్నాడు శ్రీహరి.

"బల్ల మీద 'మా అమ్మ' వద్దండీ."

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి విన్నావు."

"'మన అమ్మ' అని చెక్కమని కోటికి చెప్పేశా. కింద రెండు పేర్లు. అమ్మ ఫోటో కూడా రేపు మరైకా కూతురికి పంపిస్తన్నా."

"రెండు పేర్లా? రెండోది ఎవరిదే?"

బిందు నాలుగో కంచంలో దోసకాయ పప్పు వడ్డించింది.

"మహాలక్ష్మిది. పది రోజులు మన మేడ మీదే ఉండి వెళ్ళింది."