రెండెత్తుల్లో ఆటకట్టు

"నాన్నా, ఆయన మళ్ళీ వచ్చారు" అంది హేమ మెల్లగా.

తిరుపతిరావు పేపరు దించి చూశాడు. మాసిన చొక్కా, చంకలో గొడుగు, చేతిలో ఎర్ర నోట్‌బుక్.

వరసగా ఇది మూడో ఆదివారం. గుణదల లైబ్రరీలో ఇన్ని బల్లలుండగా ఆ పెద్దమనిషికి హేమ ఎదురు బల్లే కావాలి! ఆడపిల్ల తండ్రికి అనుమానం రావడానికి ఇంకేం కావాలి?

హేమకి పదమూడేళ్ళు. ముందు చిన్న చదరంగం బోర్డు, పక్కన ఆదివారం పేపర్లో ఛాయాదేవి గారు వేసే పజిల్. 'తెల్లపావులు రెండెత్తుల్లో ఆట కట్టించాలి.'

రెండు నెలల్లో రాష్ట్ర పోటీలు. నేర్పేవాళ్ళు లేరు. ఉన్న ఒకరిద్దరూ మగవాళ్ళు. వాళ్ళ దగ్గరికి పిల్లని పంపడం తిరుపతిరావుకి సుతరామూ ఇష్టం లేదు.

అందుకే పేపర్లో చిరునామా చూసి ఉయ్యూరుకి ఉత్తరం రాశాడు. 'ఛాయాదేవి గారూ, మీరు ఆడవారు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను. మా హేమ ఆదివారాలు గుణదల లైబ్రరీలో కూర్చుని మీ పజిల్సే చేస్తుంటుంది. తనకి మీరే నేర్పాలి.'

నెలైంది. జవాబు లేదు.

ఎదుటి మనిషి గోడ గడియారం చూశాడు. హేమని చూశాడు. ఏదో రాసుకున్నాడు.

తిరుపతిరావు లేచాడు.

"ఏంటయ్యా రాస్తున్నావ్?"

"ఏం లేదండీ."

"ఏం లేనిదానికి మా అమ్మాయి వంక చూడ్డం ఎందుకో?"

నోట్‌బుక్ లాక్కున్నాడు. 'హేమ. పన్నెండు నిమిషాలు. తొందర ఎక్కువ.'

కూతురి పేరు కనపడగానే ఒళ్ళు మండిపోయింది.

"నా కూతురి పేరు నీకెందుకురా?"

"అయ్యా, ఒక్క మాట చెప్పనివ్వండి. నేను..."

"ఆడపిల్లల పేర్లు రాసుకుని తిరిగేవాడివి, నీకు మాటొకటా!"

నోట్‌బుక్ పరపరా చింపి విసిరేశాడు. అటెండరు లాజరు పరిగెత్తుకొచ్చి ఆ పెద్దమనిషి రెక్క పట్టుకున్నాడు.

ఆయన వంగి, ముక్కలన్నీ ఏరుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"రాజుకి చెక్ చెప్పే తొందరొద్దమ్మా. ముందు వాడు ఎటు పారిపోతాడో చూడు."

"పోతావా, బూత్‌కెళ్ళి పోలీసులకి ఫోన్ చెయ్యమంటావా?"

వెళ్ళిపోయాడు.

హేమ మంత్రిని కదపబోయి ఆగింది. కాసేపు చూసి, ఓ మూల ఉన్న బంటుని జరిపింది. రాజుకి దారి మూసుకుపోయింది.

"నాన్నా, వచ్చేసింది!"

"చూశావా, పీడ విరగడయ్యేసరికి నీ బుర్ర పనిచేసింది" అన్నాడు తిరుపతిరావు మీసం దువ్వుకుంటూ.

ఆ పై ఆదివారం పేపర్లో పజిల్ రాలేదు. ఆ తరువాతా రాలేదు.

ఇక లాభం లేదని కూతుర్ని వెంటబెట్టుకుని ఉయ్యూరు బస్సెక్కాడు. ఛాయాదేవి గారింటికి తాళం.

పక్కింటి శౌరమ్మ బయటికొచ్చింది.

"ఛాయాదేవి గారు ఊళ్ళో లేరాండీ?"

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది బాబూ! వాళ్ళాయన కూడా మొన్న ఇల్లు ఖాళీ చేసి, బరంపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు."

"ఆరేళ్ళా? మరి పేపర్లో చదరంగం..."

"అవన్నీ నాకు తెలీదండీ. హేమ అనే పిల్ల వస్తే ఇమ్మని ఒకటి ఇచ్చెళ్ళారు. ఈ పాపేనా?"

లోపల్నించి తెచ్చి హేమ చేతిలో పెట్టింది. ముక్క ముక్కా బంకతో అతికించిన ఎర్ర నోట్‌బుక్.

తిరుపతిరావు అరుగు మీద కూలబడ్డాడు.

హేమ చివరి పేజీ తీసి పైకి చదివింది.

'ఈ పిల్ల రాష్ట్రం గెలుస్తుంది, నేను నేర్పాలి. ఛాయ పేరుతో పజిల్స్ వేసేది మగవాణ్ణైన నేనేనని ఇవాళ వాళ్ళ నాన్నగారికి చెప్పేస్తాను.'