ఏనుగు పెట్టిన పరీక్ష

ఒక గోరింక రోజూ గేదె వీపు మీద వాలి పిడుదులు ఏరుకు తినేది. గేదెకి దురద తీరేది, గోరింకకి కడుపు నిండేది. ఒకనాడు అడవిలోని ఏనుగు కబురు పెట్టింది. "నా దగ్గర పనికి వస్తావా? ముందు చిన్న పరీక్ష ఉంటుంది."

అంత పెద్ద వీపు మీద బతుకు ఎలా ఉంటుందోనని గోరింకకి ఒకటే కుతూహలం. గేదె బురదలో పడుకున్న వేళ చూసి వెళ్లి, ఏనుగు మెడంతా శుభ్రం చేసింది.

"బాగుంది, కబురు చేస్తాను," అంది ఏనుగు.

కబురు వచ్చింది, ఇంకో పరీక్షకి. ఈసారి వీపు. ఆ తర్వాత చెవులు.

"అయ్యా, ఇంతకుముందు మీ దగ్గర ఎవరు పనిచేసేవారు?" అని గోరింక అడిగింది. ఏనుగు వినిపించుకోనట్టు ఆకులు నమిలింది.

పక్క కొమ్మ మీది కొంగ మెల్లగా చెప్పింది. "ఎవరూ లేరమ్మా. మేమంతా పరీక్షకి వచ్చినవాళ్లమే."

గోరింక తిరిగొచ్చేసరికి గేదె వీపు మీద ఒక కాకి కూర్చుని ఉంది. గోరింక పక్కనే నేల మీద వాలింది.

"ఈమధ్య ఎక్కడికి పోతున్నావే?" అంది గేదె.

గోరింక దాచలేదు. "ఏనుగు దగ్గర పని కోసం వెళ్లాను."

"దొరికిందా?"

"బోలెడంత చేశాను. దొరకలేదు."

గేదె కాసేపు నెమరు వేసింది. తర్వాత తోక ఒక్కసారి విసిరింది. కాకి ఎగిరిపోయింది.