ఆకర్షణ పద్దెనిమిది

అందరూ ఇలా దగ్గరికి జరగండి. ఆ మూలనున్న ఇద్దరూ ముచ్చట్లు ఆపండి. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో ‘నిజమేనా?’ అని అడిగినవాళ్ళకి మిగతా కథ చెప్పను.

“నాలుగు!” అని అరిచింది పహిల్వాన్. “దీని రాణికి బలం నాలుగట! కిరీటం పెడితే మెడ విరిగిపోతుంది!”

కుట్టు గది మొత్తం పగలబడి నవ్వింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగింటి గంట కొట్టేదాకా ఆ గదిలో ఆట నడుస్తుంది. ఆడేవాళ్ళు తలా ఒక మనిషిని కాగితం మీద పుట్టిస్తారు. సబ్బు చెక్కి చేసిన మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని బట్టి ఆ మనిషికి బలం, తెలివి, ఓపిక, ఆకర్షణ రాసుకుంటారు. అడవులు, రాక్షసులు, ఎదురొచ్చే శత్రువులు మాత్రం ఆట నడిపే కథలక్క నోట్లోంచే పుడతారు. ఊదితే ఎగిరిపోయే పహిల్వాన్ ఆ ఆటలో ఏడడుగుల మల్లయోధుడు. పళ్ళూడిన పిన్ని మంత్రగత్తె. ఆ ఆట వాళ్ళకి ఎంత రుచించిందంటే, ఏడాది పొడుగునా ఒక్కరు కూడా సెలవు పెట్టలేదు.

ఆ రోజు బల్ల దగ్గర కొత్తగా కూర్చుంది చీమ. పేరుకు తగ్గ గొంతు. గుండీలు అయిపోయాయని చెప్పలేక, గుండీల్లేకుండానే చొక్కాలు కుట్టిచ్చే రకం. వచ్చి నాలుగేళ్ళయినా ఆవిడ మాట విన్నవాళ్ళు ముగ్గురే. వాళ్ళలో ఇద్దరికి అనుమానమే.

మూడు వారాలుగా కత్తిరింపు కాగితం మీద తన రాణిని రాసుకుంటోంది. రాజ్యంలోంచి గెంటేసిన రాణి. ఒక్కసారి చూసిన మనిషి పేరు మరిచిపోదు. ఆవిడ నవ్వితే సైనికులు కత్తులు కింద పెట్టి, ఇంటి సంగతులు చెప్పుకుంటారు.

“తెలివి ఏడు. ఓపిక ఆరు,” పిన్ని పెదవి విరిచింది. “ఇది రాణేనా, రేషను క్యూలో నిలబడ్డ మనిషా?”

“ఆఖరిది, ఆకర్షణ. వెయ్యవే,” అంది కథలక్క.

చీమ పాచికలు దొర్లించింది. ఆరు. ఆరు. మూడోది అంచు మీద నిలబడి, కాసేపు ఆలోచించుకుని, అదీ ఆరై పడింది.

పిన్ని నోట్లోని సూది కింద పడింది. ఆ గదిలో పద్దెనిమిది పడడం ఎవరూ చూడలేదు.

“కాస్త నెమ్మదిగా!” అంది తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న డ్యూటీ మేడం. ఆవిడ చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

“అంకె కాగితం మీదుంటే చాలదు, నోట్లో ఉండాలి,” అంది కథలక్క. “నీ రాణి తన కోట గుమ్మం ముందుంది. ద్వారం దగ్గర కాపలావాడున్నాడు. మాట్లాడి తలుపు తీయించు. తీయించావా, ఈ బల్ల దగ్గర నీకు చోటు. లేదా, కాగితం చింపేస్తా, మళ్ళీ మూలకెళ్ళి మౌనవ్రతం చేసుకో.”

“పాపం, దానికి దాహమేస్తే నీళ్ళడగడమే రాదు కదక్కా!” అంది పహిల్వాన్.

కథలక్క అప్పుడే గొంతు బొంగురు చేసింది. “ఎవరక్కడ? సూర్యుడొచ్చి తట్టినా తలుపు తియ్యను!”

చీమ లేచి నిలబడింది.

“అన్నా,” అంది. “పొద్దున్నుంచి నిలబడే ఉన్నావు. కాళ్ళు లాగట్లేదా?”

మిషన్లు ఆగిపోయాయి. ఆ గొంతు చీమది కాదు. గంట మోగి ఆగాక చెవిలో ఉండిపోయే గొంతు.

“నీ మీద నాకు కోపం లేదన్నా. ఈ తలుపు అవతల నా ఇల్లుంది. నన్ను గెంటేసిన రోజున నా కూతురు పాకుతోంది. ఇప్పుడు బడికెళుతూ ఉంటుంది. జడ ఎవరు వేస్తున్నారో తెలీదు. తలుపు తీస్తే నేను పారిపోను. ఒక్క జడ వేసి, నా కాళ్ళతో నేనే వచ్చి నీ ముందు నిలబడతాను. నువ్వూ ఇంటికెళ్ళి నీ పిల్లల్ని చూసుకో. తలుపుకి అటు నువ్వు, ఇటు నేను. ఇలా ఎంతకాలం?”

పహిల్వాన్ తెరిచిన నోట్లోకి ఈగ వెళ్ళి, గది చూసుకుని, తిరిగి బయటికొచ్చింది. ఇస్త్రీ పెట్టె కింద దిండు గలేబు మాడిపోతున్నా ఎవరికీ వాసన తెలియలేదు.

కథలక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత బొంగురు గొంతుతోనే అంది:

“తియ్యను.”

“ఏంటక్కా! నీది గుండేనా, గుండ్రాయా?” పహిల్వాన్ బల్ల గుద్దింది.

“నాది కాదే, వాడిది. రాజాజ్ఞ ఉంది వాడికి.”

“వాడు ఏడ్చాడు! నీ ముక్కే చెప్తోంది!”

“ఏడ్చాడు. తలుపు మాత్రం తియ్యలేదు. పద్దెనిమిదట పద్దెనిమిది! ఓడిపోయింది.”

కథలక్క కాగితం అందుకుంది. చీమ రెండో కొస పట్టుకుంది. మళ్ళీ ఆవిడ గొంతు చీమదైపోయింది. “అక్కా, ఒక్కసారి...” అన్నది పక్కనే ఉన్న పహిల్వాన్‌కి కూడా వినపడలేదు. కాగితం సగందాకా చిరిగింది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. అందరూ తలుపు వైపు తిరిగారు. స్టూలు ఖాళీగా ఉంది. డ్యూటీ మేడం ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. రొప్పుతూ ఆవిడే లోపలికొచ్చింది. ముఖమంతా తడి. తిన్నగా వచ్చి చీమ ముందు ఒంటి మోకాలి మీద కూర్చుంది.

“పదండి మహారాణీ, జైలు గేటు తీసేశాను!”