వెన్ను తీయని రాగి

అరుగు మీద, ఎండబోసిన తంగేడు పూల పక్కన, రామకృష్ణప్ప పుస్తకం మూసి ఉంది.

వినుత దాన్ని తీసుకుని చివరి పేజీ తెరిచింది. వ్యవసాయ కాలేజీ పిల్ల. నెలకోసారి చింతామణి నుంచి వచ్చి, ఆ నెల పేజీలను ఫోనుతో ఫోటో తీసుకుపోతుంది.

ఏ పువ్వు ఎప్పుడు పూసింది, ఏ పిట్ట ఎప్పుడు దిగింది, ఏ కార్తెలో ఎంత వాన. కర్ణాటకలోని ఈ పాతపాళ్యలో ముప్పై ఏళ్లుగా ఇవన్నీ రాసిపెట్టిన మనిషి ఒకడున్నాడని వాళ్ల సార్ కనిపెట్టాడు.

"రాయడా మరి! పెండ్లాం మొగం కంటే తూనీగల మొగం ఎక్కువ చూసిన మనిషి," అంది ఆయన భార్య హనుమక్క, గోడకు ఆనుకుని.

అబద్ధమేం కాదు. కూతురు పుట్టిన రోజున కూడా ఆయన రాసుకున్నది ‘సీతాఫలాలు కండ్లు తెరిచినాయి’ అనే. బిడ్డ సంగతి లేదు. ఆ పుస్తకాల్లోకి మనుషులకు ప్రవేశం లేదు.

"అప్పా యాడికి పోయుండాడమ్మా?"

"బాగేపల్లికి. నా గ్యాసుకు మాత్రలు తెచ్చేదానికి. సంచెడు మింగినా తగ్గని గ్యాసు. స్టవ్వుకు తగిలిస్తే ఊరికంతా సంగటి ఉడుకుతాది."

వినుత నవ్వింది. పేజీ చూసి నవ్వు ఆపింది.

"అమ్మా, ఈడ తప్పు రాసుండాడు. ‘రాగి ఇంకా వెన్ను తీయలేదు’ అంట. నిన్నటిది."

హనుమక్క తల తిప్పింది. వాకిలి ముందే వాళ్ల చేను. వెన్నులు బయటపడి పది రోజులైంది. ఎటు చూసినా పిడికిళ్లలాంటి కంకులే.

"మొన్నటిదీ ఇంతే. అప్పాకు కండ్లు మసకలేమో?"

"మసకా? కొండ మీది పిట్ట ఆడదో మగదో ఈడ్నించి చెప్తాడు. ఇట్లా తే."

పుస్తకం ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిప్పింది.

‘వెన్ను తీయలేదు.’

‘వెన్ను తీయలేదు.’

ఒకచోట, ‘తీయలేదు. మంచిది.’

వెన్ను ఆలస్యమైతే మంచిదనే రైతును ఆమె ఇంతవరకు చూడలేదు.

ఇంకా వెనక్కి పోయింది. హస్త కార్తెలో ఒక రోజు. ఆ రోజు గుర్తుంది. చిక్కబళ్లాపురంలో స్కానింగు. డాక్టరు ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. ఈయన బయటికొచ్చి "గ్యాసేనంట" అన్నాడు. అడక్కుండానే మల్లెపూలు కొనిచ్చాడు. అప్పుడే అనుమానించాల్సింది.

పుస్తకమంతా కన్నడం. ఆ రోజు అడుగున మాత్రం, కన్నడ అక్షరాల్లో ఒక తెలుగు మాట.

‘హనుమక్కకు రాగి కోతల దాకా అన్నాడు డాక్టరు.’

రెండోసారి చదవలేదు.

ముప్పై ఏళ్లకు తను పుస్తకంలోకి ఎక్కింది.

"తిద్దేదా అమ్మా? మా సార్‌కు దాఖలా సరిగ్గా ఉండాల."

"తిద్దొద్దు తల్లీ."

"చేను చూస్తే..."

"చేను మాది. పుస్తకం ఆయనది. నడుమ నీకేల?" కసురుకున్నట్టే అంది. "ఆయన రాసిందే తీసుకో. ఈ పేజీకి ముందరి దాకా చాలు. మిగిలినవి వచ్చే నెలకి."

వచ్చే నెల అన్నాక ఆమెకే చిన్న నవ్వొచ్చింది.

వినుత ఆమెను చూసింది. చేనును చూసింది. ఫోను సంచిలో వేసుకుంది.

సాయంత్రం రామకృష్ణప్ప బస్సు దిగి వచ్చాడు. చేని గట్టు మీదుగా కాదు, ఊరంతా చుట్టి పెరటి తలుపు నుంచి. ఈ మధ్య రోజూ అట్లాగే వస్తున్నాడు. మోకాళ్ల నొప్పికి గట్టు పడదంటే నమ్మింది.

"కాలేజీ పాప వచ్చెనా?"

"వచ్చె."

"ఏమన్నా అడిగెనా?"

"మీ రాగి వెన్ను ఎప్పుడు తీస్తాదని అడిగె."

మాత్రల కవరు విప్పుతున్న ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"నువ్వేం చెప్తివి?"

"ఈ ఏడు ఇంకా శానా దినాలు పడతాదంటిని."

ఆయన మళ్లీ కవరు విప్పసాగాడు.

హనుమక్క చెంబుతో నీళ్లు తెచ్చుకుని, ఎదురుగా కూర్చుని, అరచెయ్యి చాపింది.

"యాడ మాత్ర? ఈపొద్దు గ్యాసు ఎక్కువయ్యుండాది."