ఎడమ మూలన మేనత్త

"గీ మూలకున్నది నేను గాదా? నా మొకం యాడ వోయింది జగదీశూ?"

తిమ్మమ్మ పెళ్లి ఆల్బమ్‌ను తెచ్చి కౌంటర్ మీద దబ్బున పడేసింది. అయిజలో తన ఫోటో స్టూడియోలో అప్పుడే కునుకు తీస్తున్న జగదీశ్ ఉలిక్కిపడి లేచాడు. తిమ్మమ్మ వెనకాలే రేణుక కూడా లోపలికి వచ్చింది. పెళ్లికూతురు సింధూజకు రేణుక తల్లి, తిమ్మమ్మ మేనత్త. వదినా మరదళ్లిద్దరూ ఒకేసారి గడప తొక్కారంటే ఆ పూట బేరం గోవిందా అని జగదీశ్‌కు అర్థమైపోయింది.

"నువ్వు ఫోటోల లేనేలేవు వదినె," అంది రేణుక. "మేమందరం స్టేజీ ఎక్కేసరికి నువ్వు బంతిల కూసున్నవ్. నా బిడ్డ లగ్గంల ఫోటో దిగుడు కన్న నీకు బువ్వే ఎక్కువైంది."

"మేనత్తను నేను! నేను లేంది ఫోటో ఎట్ల దిగుతరు? గిగో, గీ ఎడమ మూలకు నిలవడ్డ. గీ జగదీశే నన్ను చీకట్ల వెట్టిండు."

జగదీశ్ ఆల్బమ్‌లోకి తొంగి చూశాడు. రెండు పేజీల నిండా చుట్టాల మంద. నడుమ పెళ్లికూతురు ధగధగా మెరుస్తోంది. నాలుగు మూలలూ మాత్రం పొగ చూరినట్టున్నాయి. ఎడమ మూలన చీర కట్టుకున్న నీడ ఒకటి నిలబడి ఉంది.

"నా తప్పు గాదత్తా, లెన్స్ గుణం గది. గంత మందిని ఒక్క ఫోటోల పట్టాలంటె జూమ్ మొత్తం వెనక్కి తిప్పాలె. గట్ల తిప్పితె నడుమ వెలుగుంటది, మూలలకు చీకటి వడ్తది."

"నడుమున్నోళ్లకు వెలుగు, మూలకున్నోళ్లకు చీకటా? గా లెన్సుకు గూడ మా రేణుక బుద్ధే వచ్చినట్టుంది. వచ్చే నెల నా కొడుకు మహేందర్ లగ్గం. గీ లెన్సు వట్టుకొని మా ఇంటి మొకాన రాకు!"

జగదీశ్ ప్రాణం ఉసూరుమంది. ఈ సీజన్‌లో అతని చేతిలో ఉన్న పెద్ద ఆర్డర్ అదొక్కటే.

"గట్లనకత్తా! చీకటి ఎంతసేపు? కంప్యూటర్ల తీసేస్త."

తిమ్మమ్మ గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. "తీయొస్తదా?"

"రెండు నిమిషాల పని."

"పోనీలే కొడుకా. నీకు మస్తు పనులుంటయ్. ఎందుకు పరేషాన్..."

"తియ్యి తమ్మి, తియ్యి!" రేణుక కుర్చీ లాక్కుని కూర్చుంది. "మూలకున్నది మా వదినె అయితె, తప్పైందని గీడనే ఆమె కాళ్లు మొక్కుత. కాకుంటె బువ్వ కోసం ఫోటో ఇడిసివెట్టిందని ఊరంత జెప్త."

జగదీశ్ కంప్యూటర్‌లో ఫోటో తెరిచాడో లేదో, రేణుక ఫోన్ మోగింది. కూతురు. లోపల మాట సరిగా వినబడక ఆమె బయటి మెట్ల మీదికి వెళ్లింది.

జగదీశ్ మౌస్ జరిపాడు. మూలన చీకటి మెల్లగా విడిపోసాగింది. ముందు జరీ అంచు కనిపించింది. తరువాత జోడించిన చేతులు. తరువాత ముఖం. జగదీశ్ చేయి అక్కడే ఆగిపోయింది.

అది డెకరేషన్ వాళ్లు స్టేజీకి అటొకటి, ఇటొకటి నిలబెట్టే నమస్కారం బొమ్మ. పట్టుచీర కట్టుకుని, సన్నని నడుముతో, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

తిమ్మమ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. వాకిలి వైపు ఒకసారి చూసింది. తరువాత జగదీశ్ చెవి దగ్గరికి వంగింది.

"గిదంత బాలమణి జేసింది. రేణుక తల్లి లేదూ, ఆమెనే! మటన్ అయిపోతదని నా చెయ్యి వట్టి గుంజుకపోయి పక్కన కూసోవెట్టుకున్నది. ఇద్దరం తిని ఉరికొచ్చేసరికి ఫోటోలు అయిపోయినయ్. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది కొడుకా. గీ బొమ్మకు కండ్లద్దాలు వెట్టు."

"అత్తా!"

"మహేందర్ లగ్గం నీదే. వీడియో గూడ నీదే. వెట్టు."

జగదీశ్ దేవుడిని తలుచుకుని, అక్షింతల ఫోటోలోంచి తిమ్మమ్మ కళ్లద్దాలు తెచ్చి బొమ్మకు తగిలించాడు.

"నవ్వు జర తగ్గియ్యి. నేను గంత నవ్వితె రేణుక నమ్మది."

తగ్గించాడు. "నడుము గూడ జర లావు జెయ్యాల్నా?"

"నడుము ముట్టకు! గది గట్లనే ఉండనీ."

అంతలో రేణుక లోపలికి వచ్చింది. తెర వైపు చూసి నోరు తెరిచింది. "వదినె! నిజంగనే ఉన్నవ్! దండం గూడ వెట్టుకుంట నిలవడ్డవ్! నా లగ్గమైనసంది నువ్వు ఎవ్వరికి దండం వెట్టంగ నేను జూడలే."

"ఇంటికొచ్చిన చుట్టాలకు దండం వెట్టకుంటె ఎట్ల? మేనత్తనాయె."

రేణుక కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నమాట ప్రకారం వంగి కాళ్లు మొక్కింది. తిమ్మమ్మ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "లే, లే. మనుషులన్నంక తప్పులు జేస్తరు," అని పెద్దమనసు చేసుకుంది. గండం గడిచిందని జగదీశ్ ప్రింటర్ ఆన్ చేశాడు.

"ఆగు తమ్మి." రేణుక కొంగుతో కళ్లు తుడుచుకుని తెర కుడి మూల మీద వేలు పెట్టింది. "మా అమ్మ గూడ ఫోటోల ఉన్నననే అన్నది. నేనే నమ్మలే. గిగో, గీ మూలకు దండం వెట్టుకుంట నిలవడ్డది మా అమ్మ బాలమణే. ఆమెను గూడ జర వెలుగుకు తే."

తిమ్మమ్మ గబుక్కున గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి తిథులు చూడడం మొదలుపెట్టింది. జగదీశ్ మౌస్ అందుకున్నాడు.

"మీ అమ్మకు కండ్లద్దాలున్నయా అక్కా?"